పొడిగుడ్డ

కుళాయి తిప్పాలంటే అనూరాధకి ముందు ఒక పొడిగుడ్డ కావాలి. పెరట్లో గిన్నెలు తోమే గచ్చు దగ్గరికి వెళ్ళగానే బొడ్లో దోపుకున్న గుడ్డముక్క తీసి, మడతపెట్టి, కుళాయి పిడి మీద కప్పి, అప్పుడు తిప్పుతుంది. నీళ్ళు మొదలవగానే గుడ్డ తడవకుండా మళ్ళీ బొడ్లోకి తోసేస్తుంది. తడిసిందా, ఇంకో గుడ్డ కోసం లోపలికి పరుగు. బొబ్బిలిలో పుట్టింట్లో అన్నేళ్ళు పెరిగింది గానీ, నీళ్ళ కుళాయిని ఇలా పాము మెడ పట్టుకున్నట్టు పట్టుకోవాలని అక్కడెవరూ నేర్పలేదు. నేర్పింది అత్తగారు భాగ్యవతి. కాపురానికి చీపురుపల్లి వచ్చిన కొత్తలో, పాలు ఏ గిన్నెలో కాచాలో, పప్పుల డబ్బాలు ఏ వరసలో పెట్టాలో చెప్పిన గొంతుతోనే ఇదీ చెప్పింది. "పెరట్లో కుళాయిని ఉత్త సేత్తో ముట్టుకోకే అమ్మా. గుడ్డేసి తిప్పుకో." ఎందుకని అడిగితే, "అదంతే. ఆ కుళాయికి అలవాటు" అంది. కుళాయికి అలవాటట! కొత్త కోడలు నవ్వుకుంది కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తనమీద తనకే రోత పుడుతుంది.

పెరటి కుళాయికి నీళ్ళు బోరు మోటారు నుంచి నేరుగా వస్తాయి. మోటారు తిరిగినంతసేపూ నీళ్ళతో పాటు ఆ పాత ఇనప పైపులోకి కరెంటు కూడా దిగుతుంది. తడి గచ్చు మీద వట్టికాళ్ళతో నిలబడి కుళాయి ముట్టుకుంటే వేళ్ళ చివర్ల నుంచి మోచెయ్యి దాకా జుమ్మని లాగుతుంది. ఒకరోజు చీమ కుట్టినట్టు ఉంటుంది, ఇంకోరోజు ఎవరో లోపలినుంచి నరం పట్టుకుని గుంజినట్టు. ఏ ఆధారమూ లేనివాళ్ళ ఇంట్లో ఇలా ఉందంటే అయ్యో పాపం అనుకోవచ్చు. ఈ ఇంటి యజమాని, అనూరాధ మొగుడు చంద్రమౌళికి బజారులో ఎలక్ట్రికల్, శానిటరీ సామాన్ల షాపుంది! ఊళ్ళో ఎవరింట్లో స్విచ్చి మాడినా, ఎవరి ట్యాంకు కారినా ఆయన కౌంటరు ముందుకి రావాల్సిందే. వచ్చినవాళ్ళకి సామానుతో పాటు సలహా ఉచితం. "పాడైపోయాక పరిగెట్టుకొస్తే ఏటి లాభం బాబూ? పాడవకముందు చూపించుకోవాల" అని ఎంతో బరువుగా చెబుతాడు. విన్నవాళ్ళు తలూపుకుంటూ వెళ్తారు.

ఇంటి సంగతి వేరు. షాపులో ఎవరూ కొననిది, కొని వెనక్కిచ్చింది, అట్టపెట్టె చిరిగి అమ్ముడుపోనిది, అన్నీ ఇంటికి చేరతాయి. హాల్లో ఒక స్విచ్చి తెలుపు, పక్కది మీగడ రంగు, దాని పక్కది ఏ రంగో దానికే తెలీదు. సింకు కుళాయి ఎంత బిగించినా బొట్లు బొట్లుగా కారుతూనే ఉంటుంది. ఆ మోటారు కూడా ఎవరో రైతు "దీని ఒళ్ళంతా కరెంటే" అని తిట్టి తిరిగిచ్చేసిందే. దానికే చంద్రమౌళి రంగు వేయించి తెచ్చి పెరట్లో బిగించాడు. "ఇంటికి చాల్లే" అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి అనూరాధ ఆ మాట వింటూనే ఉంది. ఆ మోటారు నీళ్ళతో గిన్నెలు తోమేది, బట్టలు జాడించేది, బిందెలు నింపేది ఆవిడ ఒక్కతే గనక, ఇంటికి చాల్లే అంటే అనూరాధకి చాల్లే అని అర్థం.

చెప్పకుండా ఊరుకుందా? చెప్పింది. మొదటిసారి చెప్పినప్పుడు చంద్రమౌళి వెంటనే వచ్చాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి, మోటారు వేయమని, కుళాయి మీద అరచెయ్యి మొత్తం ఆనించి, అలా పట్టుకునే వెనక్కి తిరిగి నవ్వాడు.

"ఏదే షాకు? నాకేటీ కొట్టలేదే. వట్టి భయం నీకు."

"సూసినావా? ఆడు ముట్టుకున్నాడు కదా" అంది గడపలో నిలబడ్డ అత్తగారు.

అనూరాధ తన చేతిని తనే అనుమానంగా చూసుకుంది. ఆయన కాళ్ళకి దళసరి రబ్బరు చెప్పులున్నాయన్న సంగతి ఆమెకి తట్టడానికి చాలాకాలం పట్టింది. ఆమె కాళ్ళకి ఏమీ లేవు. ఉండకూడదు. ఆ ఇంట్లో వంటిల్లూ, దాని వెనక గచ్చూ ఒకటే లెక్క. మంచినీళ్ళ బిందెలు అక్కడే, దేవుడి గిన్నెలు అక్కడే, కాబట్టి ఆడవాళ్ళు చెప్పులతో అడుగు పెడితే మైల. "సెప్పులేసుకుని తిరగడానికి ఇదేటి హోటలా?" అని ఒకసారి భాగ్యవతి ఆమె స్లిప్పర్లని చీపురుతో వీధిలోకి తోసేసింది. మగాళ్ళకి ఆ పట్టింపు లేదు. బజారంతా తొక్కిన చెప్పులతో, పేడా ఉమ్మీ అంటుకున్న అడుగులతో, సందు దారిన వచ్చి ఆ గచ్చంతా తొక్కి పోవచ్చు. "మగోళ్ళు అలా వస్తారు, ఇలా పోతారు, ఆళ్ళకేటి?" అంటుంది అత్తగారు. వాళ్ళు పోయాక ఆ అడుగుల మీద అనూరాధ వట్టికాళ్ళతో నిలబడి, కొబ్బరిపీచు పెట్టి రుద్ది కడుగుతుంది. చెప్పుల సంగతి మొగుడితో అంటే, "అయితే నువ్వూ ఏసుకో, నేనొద్దన్నానా? అమ్మతో మాటాడుకో" అన్నాడు. అమ్మతో మాట్లాడితే ఏమవుతుందో ఆయనకి తెలియదా? తెలిసే అన్నాడు.

ఇక బాత్‌రూం జాలీ. నీళ్ళు పోయే కంత మీద ఉండే ఆ చిల్లుల మూతని తరచు ఎత్తి శుభ్రం చేయాలని, లేకపోతే లైనంతా పూడుకుపోతుందని చంద్రమౌళి కస్టమర్లకి చెప్తుంటే ఆమె చెవులారా విన్నది. ఇంట్లో అది ఎత్తేది ఎవరు? ఆవిడే. అందరి జుట్టూ ఉండలు కట్టి, సబ్బు తెట్టు పట్టి, ఆయన గడ్డం గీసుకున్న వెంట్రుకలూ, నమిలి ఉమ్మిన వక్కపలుకులూ కలిసి జిగురుగా, నల్లగా, వేలికి చుట్టుకుని వస్తుంది. షాపులో దానికి మందు డబ్బాలు గోడంతా ఉన్నాయి, ఒకటి తెండని అడిగితే, "చేత్తో తీసేస్తావు కదా, దండగ" అన్నాడు. ఆ చేత్తోనే ఆయనకి చారు పొయ్యాలి, ఆ చేత్తోనే మధ్యాహ్నాలు షాపు బిల్లులన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. బీకాం చదివిన పెళ్ళాం ఉండగా గుమస్తా ఎందుకని ఆయన బంధువులందరి ముందూ మురిసిపోతూ చెప్తాడు. అప్పుడు ఆమెకి ఆ కంతలోని తెట్టే గుర్తొస్తుంది. ఛీ, ఏం బతుకిది అనుకుంటుంది. అనుకుని, మళ్ళీ గుడ్డ మడతపెట్టుకుంటుంది.

కొన్నాళ్ళు దాలమ్మ అని ఒకావిడ గిన్నెలకి వచ్చేది. గుడ్డ సంగతి చెబితే వింతగా చూసింది. ఒకరోజు గుడ్డ జారింది, జుమ్మంది, చేతిలో పళ్ళెం అవతలికి విసిరేసి కొంగు దులుపుకుని లేచింది.

"నాను గిన్నెలు తోమడానికొచ్చినానమ్మా, కరెంటు తినడానికి రాలేదు. నీకంటే మొగుడి కొంప, తప్పదు. నాకేటి?"

సాయంత్రం ఆ సంగతి విని భాగ్యవతి, "పని సెయ్యలేక సాకు" అంది. చంద్రమౌళి నవ్వాడు. అనూరాధకి మాత్రం దాలమ్మ మాట ఒంట్లో దిగిపోయింది. నీకంటే తప్పదు, అంది. ఎందుకు తప్పదు?

కారిన కరెంటుని నేలలోకి దించేసే ఎర్త్ ఈ ఇంటికి లేదా అంటే, ఉండేది. మామగారి హయాంలో వాకిట్లో గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ వేసి, రాగిరేకు పాతించారు. వేసవిలో ఆ గొయ్యి ఎండిపోకుండా రోజూ చెంబుడు నీళ్ళు పొయ్యాలి. మామగారు ఉన్నన్నాళ్ళూ పోశాడు. ఆయన పోయాక చంద్రమౌళి కొత్త బండి కొన్నాడు. బండి నిలపడానికి వాకిలి అందంగా ఉండాలని గొయ్యితో సహా మొత్తం సిమెంటు చేసి, పైన నున్నటి పలకలు వేయించాడు. "ఎర్త్ గొయ్యి మూసేస్తున్నారండీ" అని అనూరాధ అంటే, "దానికేటి, కిందని ఉంటాది కదా" అన్నాడు. ఆ పలకల్ని రోజూ తుడిచి మెరిపించే పని కూడా ఆమెదే అయింది.

ఈ ఎండాకాలం మొదట్లో వర్తక సంఘం వాళ్ళు కళ్యాణ మండపంలో ఆడవాళ్ళకి కరెంటు జాగ్రత్తల మీద సభ పెట్టారు. మాట్లాడేది ఎవరు? ఇంకెవరు! చంద్రమౌళి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో కరెంటు ఉందో లేదో చూసే టెస్టరు పెట్టుకుని స్టేజీ ఎక్కాడు. అనూరాధని ముందు వరసలో కూర్చోబెట్టారు. నీళ్ళలో నాని ముడతలు పడ్డ వేళ్ళని ఒళ్ళో దాచుకుని విన్నది.

"అమ్మలారా, అక్కల్లారా! కుళాయి ముట్టుకుంటే చిన్నగా జుమ్మందా? చిన్నదే కదా అని ఊరుకోకండి. రేపు ప్రాణం తీసేదీ అదే. ఏడాదికోసారి మోటారు చూపించండి. ఎర్త్ గొయ్యిలో నీళ్ళు పొయ్యండి. ఇంటికి ఆడది లక్ష్మి, ఆ లక్ష్మి చేతికి షాకు కొడితే ఆ ఇంటికి క్షేమం ఉంటాదా?"

చప్పట్లు కొట్టారు. అనూరాధ చేతులు ఒళ్ళోంచి తీయలేదు. అంతా తెలుసన్నమాట! ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేదు. వెనక వరసలోంచి ఝాన్సీ అనే టీచరు లేచి, "ఎంత చెప్పినా మావారు పట్టించుకోరండీ, ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. చంద్రమౌళి మైకులో పకపక నవ్వాడు. "మెయిన్ ఆపేసి కూర్చోండి మేడమ్! ఫ్యాను ఆగిందంటే ఎంతటి మొగుడైనా కదులుతాడు!" మండపమంతా ఘొల్లుమంది.

బండి మీద ఇంటికొస్తూ వెనకనుంచి మెల్లగా అడిగింది. "మన మోటారు ఎప్పుడు చూపిద్దామండీ?"

"సీజను కదే. ఒక్క మెకానిక్కూ ఖాళీ లేడు. వానలు పడనీ, సూద్దాం."

"వానలు పడితే ఇంకా ఎక్కువ కొడుతుందండీ."

"గుడ్డుంది కదా" అన్నాడు.

షాకే లేదన్న మనిషికి గుడ్డెందుకో తెలుసు. ఆయన వీపు మీద ఇస్త్రీ మడత ముక్కుకి తగిలేంత దగ్గరగా ఉంది. అనూరాధ ఆ వీపుని తాకకుండా, వెనక కమ్మీ పట్టుకుని కూర్చుని ఇంటికి చేరింది.

కూతురు పింకీకి ఎనిమిదో తరగతి అయి వేసవి సెలవులిచ్చారు. దాలమ్మ మానేసింది గనక భాగ్యవతి కన్ను మనవరాలి మీద పడింది. "ఆడపిల్ల. నాలుగు గిన్నెలు కడిగితే అరిగిపోద్దేటి?" అని రోజూ సణుగుడు. అనూరాధ అడ్డం పడింది. "దాన్ని ఆ కుళాయి దగ్గరికి పంపకండి అత్తయ్యా. నేను కడుక్కుంటాను." అలా అన్నప్పుడల్లా అత్తగారు మూతి ముడుచుకుని, "మేం కడగలేదేటి? సచ్చిపోనామా?" అనేది.

ఒకరోజు మధ్యాహ్నం అనూరాధ ముందు గదిలో షాపు బిల్లులు ఎక్కిస్తోంది. పెరట్లో మోటారు చప్పుడు వినిపించింది. ఎవరు వేశారా అనుకునేలోపే పళ్ళెం గచ్చు మీద పడి గిరగిరా తిరిగిన మోత, దాని వెనక పింకీ గొంతు. కేక కాదది. గొంతులోనే తెగిపోయిన కూత.

పరిగెత్తి వెళ్ళేసరికి పిల్ల తడి గచ్చు మీద వెల్లకిలా పడి ఉంది. కుళాయి ధారగా పోతోంది. కుడిచేతి వేళ్ళు కొంకర్లు పోయి విప్పుకోవడం లేదు. కళ్ళు తెరిచే ఉంది, ఊపిరి అందక నోరు తెరుచుకుని చూస్తోంది. అనూరాధ దాన్ని చంకల్లో చేతులేసి పొడినేల మీదకి లాగి ఒళ్ళో వేసుకుని రుద్దింది. కాసేపటికి పింకీ ఏడ్చింది. అప్పుడు చూసింది అనూరాధ, పిల్ల ఆ కుడిచేతిలోనే మడతలు పెట్టిన గుడ్డముక్క. నీళ్ళోడుతోంది.

"మామ్మ ఇచ్చిందమ్మా" అంది వెక్కుతూ. "గుడ్డేసి తిప్పుకో అంది. తడిసిపోయిందమ్మా, నేను చూసుకోలేదు."

తప్పు తనదేననుకుంటోంది పిల్ల! అనూరాధ ఆ గుడ్డ చూసింది. తనకి చెప్పిన మాటే, తనకి పెట్టిన మడతే. అత్తగారి చేతినుంచి తన చేతికి వచ్చింది, తన చేతినుంచి కూతురి చేతికి తనకి తెలియకుండానే దాటిపోయింది. లేచిన రోత ఈసారి ఒక్క అత్త మీదా మొగుడి మీదా ఆగలేదు. ఇన్నేళ్ళూ ఆ గుడ్డని ఉతికి, ఆరేసి, మడతపెట్టుకున్న తన చేతుల మీద కూడా పడింది.

చంద్రమౌళి భోజనానికి వచ్చే వేళ అది. సందులోంచి చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చాడు. సంగతి విన్నాడు. పిల్ల తల మీద చెయ్యి వేసి, "ఏటమ్మా, బెదిరిపోనావా?" అన్నాడు. మోటారు ఇంకా తిరుగుతోంది. అలవాటు ప్రకారం వెళ్ళి కుళాయి మీద అరచెయ్యి పెట్టి, వెనక్కి తిరిగి నవ్వబోయాడు. జేబులోంచి టెస్టరు తల బయటికి కనిపిస్తోంది. అది మాత్రం బయటికి తీయలేదు.

"ఏటీ లేదే? తల్లి భయమే పిల్లకి పట్టుకుంది."

"చెప్పులు విప్పి ముట్టుకోండి" అంది అనూరాధ.

గొంతు పెంచలేదు. పిల్లని ఒళ్ళోంచి దించకుండా, కింద కూర్చునే అంది. చంద్రమౌళి నవ్వు సగంలో ఆగింది. "ఏటీ?" అన్నాడు.

"చెప్పులు విప్పండి. నేను నిలబడే చోట వట్టికాళ్ళతో నిలబడి పట్టుకోండి. ఏమీ లేదుగా?"

పింకీ తండ్రి వంక చూస్తోంది. ఆ చూపు ముందు తప్పించుకోవడానికి లేక, పౌరుషానికి పోయి, ఆయన ఒక చెప్పు వదిలాడు. బొటనవేలు గచ్చు మీది తడి దాకా వచ్చింది. అప్పుడు గడపలో నిలబడ్డ భాగ్యవతి, మోకాళ్ళ నొప్పులని ఆ గచ్చు మీదకే దిగని భాగ్యవతి, ఒక్క అంగలో వచ్చి కొడుకు చొక్కా పట్టుకుని వెనక్కి గుంజింది.

"ఒరే మౌళీ! వొద్దురా! నీకేటైనా అయితే!"

ముసలావిడ చేత్తో నోరు మూసుకుంది గానీ మాట బయటికి వచ్చేసింది. చంద్రమౌళి పాదం మళ్ళీ చెప్పులోకి దూరిపోయింది. పింకీ ముందు మామ్మని చూసింది, తర్వాత తండ్రి కాళ్ళని చూసింది, ఆ తర్వాత తన కాళ్ళని చూసుకుంది. ఇంక ఆ పిల్లకి ఎవరూ ఏమీ విడమరిచి చెప్పక్కర్లేదు.

"అన్నం పెట్టు. షాపులో సరుకు దిగుతున్నాది, మళ్ళీ పోవాల" అన్నాడు చంద్రమౌళి ఎటో చూస్తూ. హాల్లోకి వెళ్ళి, ప్లాస్టిక్ కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, ఫ్యాను కింద కూర్చున్నాడు. ఎలా కూర్చోగలిగాడో! అనూరాధ లేచి అన్నం పెట్టింది, పప్పు వేసింది, నెయ్యి గిన్నె దగ్గర పెట్టింది. ఆయన కలుపుకున్నాడు. ముద్ద నోట్లోకి వెళ్ళేదాకా నిలబడి చూసింది. ఆ నోరు, ఆ నమలడం, మూతికంటిన నెయ్యి చూస్తుంటే జాలీ ఎత్తినప్పటి కంపే మళ్ళీ ముక్కుకి తగిలినట్టయింది.

వీధి గుమ్మం దగ్గర విడిచి ఉన్న తన స్లిప్పర్లు వేసుకుంది. పింకీవి కూడా తెచ్చి పిల్ల కాళ్ళ ముందు పెట్టింది. వసారాలో బోర్డు దగ్గరికి వెళ్ళి మెయిన్ కిందికి దించింది. పెరట్లో మోటారు మూలిగి ఆగింది. హాల్లో ఫ్యాను నెమ్మదించి నిలిచిపోయింది. బోర్డులోంచి పింగాణీ ఫ్యూజులు ఒక్కొక్కటే ఊడబెరికి, కొంగున ముడి వేసి, వసారాలోకి తెరుచుకునే వంటింటి గుమ్మంలో పింకీ పక్కన నిలబడింది.

"కరెంటు పోయిందేటి?" హాల్లోంచి చంద్రమౌళి.

"పోలేదండీ. నేనే ఆపాను."

"ఏటే? ఎండ సంపేస్తున్నాది, మతి పోయిందా నీకు?"

"కళ్యాణ మండపంలో మీరే చెప్పారుగా. ఫ్యాను ఆగితే కదులుతారని."

ఎంగిలి చేత్తోనే లేచి వసారాలోకి వచ్చాడు. వెనకే భాగ్యవతి, వంటింటి గుమ్మంలో చెప్పులతో నిలబడ్డ తల్లీకూతుళ్ళని చూసి అక్కడే ఆగిపోయింది.

"ఆ ఫ్యూజులు ఇలా తే, అనూ. సాయంత్రం ఎవడినో ఒకడిని పంపుతాను."

"వాకిట్లో పలకలు పగలగొట్టించండి. గొయ్యి తీయించండి. ఆ మోటారు మార్పించండి, షాపులోది, కొత్తది. అన్నీ అయ్యాక ఇస్తాను."

"అన్నీ సేయిస్తానంటున్నాను కదే! ఇంకేటి కావాల నీకు?"

అనూరాధ బొడ్లోంచి పొడిగుడ్డ తీసి, పప్పు కారుతున్న ఆయన చేతిలో పెట్టింది.

"తుడుచుకోండి. అన్నీ అయిన రోజున చెప్పులు విప్పి, మోటారు వేయించి, ఆ కుళాయి మీరు పట్టుకోవాలి. అత్తయ్య చూస్తుండగా పట్టుకోవాలి. ముందు మీ చెయ్యి. ఆ తర్వాతే నా కూతురి చెయ్యి."